కమిషన్ తేదీలో రోజూ నెలా తారుమారయ్యాయి: నాన్నగారి పింఛను కాగితాలను దిద్దించుకునే దారి ఏది?

బరంపురం అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది గంజాం జిల్లా బరంపురం, మూడు తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. మా నాన్నగారు మద్రాసు సెయింట్ థామస్ మౌంట్‌లోని ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూల్లో శిక్షణ ముగించి, 1971 మార్చి 7న షార్ట్ సర్వీస్ కమిషన్‌పై, అంటే కొన్నేళ్ల గడువుతో ఇచ్చే అధికారి నియామకంపై, సెకండ్ లెఫ్టినెంటుగా సైన్యంలో చేరారు. తరువాత పర్మనెంట్ కమిషన్ కూడా వచ్చింది. ఇరవై ఏళ్లు నిండగానే స్వయంగా కోరుకుని, 1991 మార్చి 31న మేజరు హోదాలో పదవీ విరమణ చేశారు. ఇప్పుడు ఆయనకు డెబ్బయి ఆరేళ్లు. చూపు తగ్గినందువల్ల కాగితాల పని నేనే చూసుకుంటున్నాను.

2024 జూలై నుంచి అమలైన ఓఆర్ఓపీ (ఒకే హోదా, ఒకే పింఛను) సవరణ ప్రకారం ఎంత రావాలో పట్టికలో సరిచూసుకుంటూ ఉండగా, వస్తున్న మొత్తం ఒక వరుస కింద ఉన్నట్టు గమనించాను. ఆరా తీస్తే, పింఛను వివరాలను ఒక చోటి నుంచి మరొక చోటికి ఎక్కించినప్పుడు 07-03-1971 అన్నది జూలై 3గా మారిందని తేలింది. ఏడో నెల మూడో తేదీ అని చదివిన వారెవరో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. కానీ ఆ లెక్కన ఆయన సర్వీసు పంతొమ్మిదేళ్ల ఎనిమిది నెలల ఇరవై తొమ్మిది రోజులు అవుతుంది. ఇంకో రెండు రోజులుంటే తొమ్మిది నెలలు నిండి, ఇరవై ఏళ్లుగా పరిగణించేవారు. అవి లేకపోవడంతో పంతొమ్మిదిన్నర దగ్గర ఆగిపోయింది.

కమిషన్ తేదీని మార్చవలసిందిగా నాన్నగారి చేత సంతకం చేయించి ఒక దరఖాస్తు పంపాను. సర్వీసు రికార్డులోని తేదీలను పదవీ విరమణ తరువాత మార్చడం సాధ్యం కాదని రెండు వాక్యాల్లో జవాబు వచ్చింది. మా దగ్గర ఉన్నవల్లా అసలు పింఛను ఉత్తర్వు, పాసింగ్ అవుట్ పరేడ్ నాటి ఒక ఫొటో మాత్రమే. ఆ ఫొటో వెనుక మద్రాసు స్టూడియో వారి ముద్ర, దాని కింద మా తాతగారి చేతిరాతలో తేదీ ఉన్నాయి. గెజిట్‌లో నాన్నగారి ఐసీ నంబరుతో వెతికించాను, దొరకలేదు. ఏ తలుపు తట్టాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరా?

పర్లాకిమిడి పాత గుమాస్తా:

అమ్మా, నేను అధికారిని కాను. ఒక రికార్డు ఆఫీసులో క్లర్కుగా పనిచేసి సుబేదారుగా దిగిపోయినవాణ్ణి. ఇలాంటి కాగితాలు నా చేతుల మీదుగా చాలా నడిచాయి గనుక తోచింది చెబుతాను.

మీ దరఖాస్తులో పొరపాటు ఒక్క మాటలో ఉంది. మీరు 'మార్చండి' అన్నారు. ఆ మాట కనిపించగానే గుమాస్తా చేయి మార్పులను నిషేధించే నిబంధన వైపే పోతుంది. మీరు అడగవలసింది మార్పు కాదు. మూలంలో ఉన్న తేదీ సరిగ్గానే ఉందని, దాని నకలులో పడిన తప్పును మూలంతో సరిపోయేలా దిద్దాలని అడగాలి. అధికారికి కమిషన్ ఇచ్చేది రాష్ట్రపతి. దాన్ని లోకానికి తెలియజేసేది భారత గెజిట్. ఆ తరువాత తయారైన ప్రతి రిజిస్టరూ, ప్రతి కంప్యూటర్ తెరా దానికి నకలే. నకలుకు మూలాన్ని కాదనే అధికారం లేదు. అందువల్ల ముందు మూలాన్ని చేతికి తెచ్చుకోండి.

గెజిట్‌లో దొరకకపోవడానికి కారణం ఇదీ అని నా ఊహ: మీరు ఐసీ నంబరుతో వెతికారు. ఐసీ అన్నది పర్మనెంట్ కమిషన్ వచ్చాక ఇచ్చే నంబరు. 1971లో మీ నాన్నగారిది షార్ట్ సర్వీస్ గనుక అప్పటి నంబరు ఎస్ఎస్‌తో మొదలై ఉంటుంది. ఆ పాత నంబరు తెలిస్తే సగం పని అయినట్టే. రక్షణ మంత్రిత్వ శాఖ జరిపే అధికారుల నియామకాలు గెజిట్ మొదటి భాగం నాలుగో సెక్షన్‌లో అచ్చవుతాయి. అది వారానికొకసారి, శనివారం నాడు వచ్చే సంచిక. ఇంకొక సంగతి, కమిషన్ పొందిన నెల సంచికల్లోనే వెతికి మానేయకండి. ప్రకటన కొన్ని నెలల తరువాత అచ్చు కావడం మామూలే; లోపల మాత్రం అమల్లోకి వచ్చిన తేదీ వేరుగా ఉంటుంది.

పేరు విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన వాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఒడిశాలో ఓటరు కార్డు, ఆధార్ రాయించుకునే సరికి అదే ఇంటిపేరు చివరికి పోతుంది, ఒక్కోసారి అక్షరాలు కూడా మారతాయి. మా ఇంట్లో నా పేరు ఒక రకంగా, నా పింఛను పుస్తకంలో మరొక రకంగా ఉండి, బ్యాంకులో ఏడాది తిరిగాను. గెజిట్‌లో రెండు వరుసల్లోనూ వెతికించండి.

జయపురం శ్రీనివాసరావు:

గుమాస్తా గారు చెప్పిన దానికి నాదొక సందేహం. నాలుగు నెలల తేడా కేవలం రోజూ నెలా తారుమారు కావడం వల్లే వచ్చిందని అంత గట్టిగా ఎలా అనగలం? అధికారికి కమిషన్ తేదీ వేరు, సీనియారిటీ తేదీ వేరు. కొందరికి చదువును బట్టి సీనియారిటీని వెనక్కి జరిపి ఇస్తారు. షార్ట్ సర్వీస్ నుంచి పర్మనెంట్‌కు వచ్చినవారికి మళ్లీ మరొక తేదీ ఉంటుంది. జూలై 3 అన్నది వీటిలో ఏదైనా అయితే మీ వాదన మొదటి అడుగులోనే కూలిపోతుంది. ముందు అది తేల్చుకోండి.

బరంపురం అమ్మాయి:

శ్రీనివాసరావు గారూ, మంచి ప్రశ్న అడిగారు. నాన్నగారిని అడిగాను. పర్మనెంట్ కమిషన్ 1976లో వచ్చిందట, సీనియారిటీని వెనక్కి జరపడం ఆయన విషయంలో జరగలేదట. జూలై 3తో ఆయనకు ఏ సంబంధమూ లేదు. అసలు పింఛను ఉత్తర్వును భూతద్దంతో చదివాను. అందులో అర్హత గల సర్వీసు ఇరవై ఏళ్లని స్పష్టంగా టైపు చేసి ఉంది.

రాయగడ వకీలు:

ఆ ఇరవై అన్న అంకె మీ చేతిలోని అసలైన ఆయుధం. మామూలుగా సైనిక అధికారికి రిటైరింగ్ పింఛను రావాలంటే ఇరవై ఏళ్ల అర్హ సర్వీసు ఉండాలి. కమిషన్ నిజంగా జూలైలోనే వచ్చి ఉంటే, 1991 మార్చిలో ఆయనకు ఆ పింఛను మంజూరు కావడమే ప్రశ్నార్థకం అయ్యేది. ప్రభుత్వమే ఇరవై ఏళ్లని లెక్కగట్టి, మంజూరు చేసి, ముప్పై ఏళ్లకు పైగా చెల్లిస్తూ వచ్చింది. ఇప్పుడు అదే ప్రభుత్వ రికార్డు పంతొమ్మిదిన్నర అంటే, ఆ రెండింటిలో ఏది తప్పో వివరించవలసిన భారం వారిదే అవుతుంది. దరఖాస్తు మొదటి పేరాలోనే ఈ మాట రాయండి.

తేదీల తగాదాల్లో అందరికీ గుర్తున్నది జనరల్ వి.కె.సింగ్ గారిది. అది పుట్టిన తేదీ గొడవ గనుక మీ దానికి పూర్తిగా పోలదు, కానీ ఒక పాఠం ఉంది. ఒకే సైన్యంలో మిలిటరీ సెక్రటరీ శాఖ దగ్గర 1950 మే 10 అని, అడ్జుటెంట్ జనరల్ శాఖ దగ్గర 1951 మే 10 అని ఉండేది. అప్పటి సైన్యాధిపతి అంతటి వ్యక్తి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 2012 ఫిబ్రవరి 10న పిటిషన్ ఉపసంహరించుకోవలసి వచ్చింది. గతంలో 1950నే అంగీకరిస్తూ ఆయన రాసిన లేఖలు ఆయనకు అడ్డం వచ్చాయి. అందుకే అడుగుతున్నాను: ఆన్‌లైన్‌లో వివరాలు సరిచూసుకోమన్నప్పుడు, జూలై 3 ఉన్న పేజీని 'సరిగ్గా ఉంది' అని మీరు గానీ నాన్నగారు గానీ ఆమోదించారా? ఆమోదించి ఉంటే, చూపు లేనందువల్ల జరిగిందని ఇప్పుడే రాతపూర్వకంగా తెలియజేయండి.

పని కాకపోతే సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఉంది. ఒడిశా వారికి కోల్‌కతా బెంచి. తుది ఉత్తర్వు వచ్చాక ఆరు నెలల్లో వెళ్లాలన్నది చట్టం. పింఛను తక్కువ రావడం నెలనెలా కొనసాగే నష్టం గనుక ఆలస్యమైందని తోసిపుచ్చరు. అయితే తర్సేమ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం బకాయిలు సాధారణంగా పిటిషన్‌కు ముందు మూడేళ్లకే పరిమితమవుతాయి. అందువల్ల ఊరికే ఎదురుచూస్తూ కూర్చోవడం మంచిది కాదు.

పర్లాకిమిడి పాత గుమాస్తా:

వకీలు గారి మాట కాదనను గానీ, డెబ్బయి ఆరేళ్ల మనిషిని కోల్‌కతాకు తిప్పే ముందు పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో అయ్యే పని చూడండి. సమాచార హక్కు కింద సైన్య ప్రధాన కార్యాలయానికి రాసి, నాన్నగారి కమిషన్ ప్రకటన ఉన్న గెజిట్ పేజీ నకలు, సర్వీసు రికార్డులో మొదటి నియామకపు పేజీ నకలు అడగండి. అడిగేది ఆయన తన సొంత రికార్డునే గనుక దరఖాస్తు ఆయన పేరు మీదే ఉండాలి. మీ పేరు మీద పెడితే ఇతరుల వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపగలరు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

నకలు వచ్చాక దాన్ని జతచేసి, అడ్జుటెంట్ జనరల్ శాఖలో అధికారుల పింఛను కాగితాలు చూసే మ్యాన్‌పవర్ విభాగానికి పంపండి. సవరణ పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) ఇచ్చేది ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ పింఛన్ల లెక్కల కార్యాలయం. కానీ ప్రధాన కార్యాలయం నుంచి ధ్రువీకరణ రానిదే వారు సొంతంగా తేదీ ముట్టుకోరు. మీరు మొదట నేరుగా పింఛను వైపు రాసి ఉంటారు, అందుకే ఆ రెండు వాక్యాల జవాబు వచ్చింది. బరంపురంలోని జిల్లా సైనిక్ బోర్డు వారి చేత పై ఉత్తరం ఒకటి పెట్టించుకుంటే కాగితం దారి తప్పకుండా ఉంటుంది.

గెజిట్‌లోనే జూలై అని అచ్చయి ఉంటే మాత్రం కథ వేరు. అప్పుడు గెజిట్‌కే సవరణ ప్రకటన రావాలి, అది మంత్రిత్వ శాఖ దాకా పోయే పని. ఆ మాట ఇప్పుడే ఎత్తవద్దు.

బరంపురం అమ్మాయి:

నాన్నగారి పాత ట్రంకు పెట్టె విప్పాను. మూత లోపలి వైపు తెల్ల రంగుతో రాసిన పేరు సగం రాలిపోయింది గానీ, దాని కింద ఎస్ఎస్ నంబరు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. ఇన్నాళ్లూ దాని మీద దుప్పట్లు పెట్టుకున్నాం. వకీలు గారు అడిగిన ఆమోదం ఎవరూ నొక్కలేదని నిర్ధారించుకున్నాను. ఆర్టీఐ దరఖాస్తు నిన్న ఆయన సంతకంతో స్పీడ్ పోస్టులో పంపాను. ఒక్క సందేహం మిగిలింది: రెండు పేర్లూ ఒకే వ్యక్తివని అఫిడవిట్ చేయిస్తే, ఇక్కడి నోటరీ ఒడియాలో రాసినది ఢిల్లీలో చెల్లుతుందా?

రాయగడ వకీలు:

ఇంగ్లీషులోనే చేయించండి. ముసాయిదా మీరే రాసి ఇస్తే నోటరీ టైపు చేయిస్తారు. రెండు పేర్లతో పాటు ఎస్ఎస్, ఐసీ నంబర్లు రెండూ అందులో ఉండాలి. పేరు కంటే ఆ నంబర్లనే వారు ముందు చూస్తారు.