సిలికా కోర్ చల్లారేటప్పుడు పగులుతోంది, ఫైరింగ్ టెంపరేచర్ ఇంకా పెంచాలా?

కొత్తకొలిమి:
అందరికీ నమస్కారం. టర్బైన్ బ్లేడ్ లోపలి కూలింగ్ దారుల కోసం సిరామిక్ కోర్ (చుట్టూ మెటల్ పోశాక కరిగించి తీసేసే లోపలి అచ్చు) తయారుచేస్తున్నాం. ఫ్యూజ్డ్ సిలికాలో కొంత జిర్కాన్, బైండర్‌గా పారఫిన్ వ్యాక్స్, ఇంజెక్షన్ మోల్డింగ్. అల్యూమినా పౌడర్‌లో పాతిపెట్టి వ్యాక్స్ తీసేశాక 1200 డిగ్రీల దగ్గర కాల్చేవాళ్లం. చేత్తో పట్టుకుంటే విరుగుతున్నాయని పైవాళ్లు అనేసరికి 1250కి పెంచి, సోక్ టైమ్ (ఆ వేడిలో ఉంచే సమయం) కూడా పొడిగించాం. ఇప్పుడు ట్రెయిలింగ్ ఎడ్జ్ (బ్లేడ్ వెనక అంచు) పలచగా ఉన్నచోట సన్నని పగుళ్లు వస్తున్నాయి, బలం పెరగకపోగా తగ్గింది. ఇంకా పెంచాలా, లేక అల్యూమినాకి మారిపోవడమే నయమా?

మైనంమనిషి:
పెంచకండి బాబూ, అసలు సమస్యే అది. ఫ్యూజ్డ్ సిలికా అంటే గాజు. దాన్ని ఎక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచితే రేణువుల పైపొర నుంచి మొదలుపెట్టి క్రిస్టోబలైట్‌గా (సిలికా స్ఫటిక రూపం) మారుతుంది. వేడిగా ఉన్నంతసేపూ పేచీ లేదు, చల్లారుతూ 270 నుంచి 200 డిగ్రీల మధ్యకి వచ్చేసరికి బీటా రూపం ఆల్ఫాగా మారి ఒక్కసారిగా ముడుచుకుంటుంది, ఘనపరిమాణంలో దాదాపు 5 శాతం. పలచని అంచు దాన్ని ఎక్కడ తట్టుకుంటుంది?

అలాగని క్రిస్టోబలైట్ అసలు వద్దనుకోవద్దు. డైరెక్షనల్ కాస్టింగ్‌లో (మెటల్‌ని ఒక వైపు నుంచి మెల్లగా గడ్డకట్టించే పోతలో) 1500 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉన్నప్పుడు ఒట్టి గాజైతే మెత్తబడి వంగిపోతుంది, అప్పుడు కోర్‌ని నిలబెట్టేది ఇదే. కాబట్టి అది మోల్డ్ ప్రీహీట్‌లో పుట్టేలా చూసుకోండి. అక్కడి నుంచి మెటల్ పోసేదాకా మధ్యలో చల్లారడం ఉండదు, కాబట్టి పగలదు. పోత అయ్యాక చల్లారి పగిలితే మనకే మంచిది, కోర్‌ని కరిగించి తీసేటప్పుడు ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ పాత్రలో) కాస్టిక్ క్షారం లోపలికి త్వరగా దిగుతుంది.

చేత్తో పట్టుకునే బలం కావాలంటే కాల్చిన కోర్‌ని రెజిన్‌లోనో కొలాయిడల్ సిలికాలోనో ముంచండి. రెజిన్ అయితే, కోర్ చుట్టూ బ్లేడ్ ఆకారంలో వ్యాక్స్ ఇంజెక్ట్ చేసేదాకా కాపాడితే చాలు, షెల్ ఫైరింగ్‌లో (బయటి సిరామిక్ మోల్డ్‌ని కాల్చేటప్పుడు) ఎలాగూ కాలిపోతుంది. ఆ బలాన్ని ఫర్నేస్‌ని అడగడమే తప్పు.

సోడియంసత్తి:
పైన చెప్పింది కరెక్టే, ఒక్కటి కలుపుతా. కొలాయిడల్ సిలికా మామూలు గ్రేడ్‌లో స్టెబిలైజర్‌గా సోడియం ఉంటుంది. సోడియం, పొటాషియం కొంచెం తగిలినా క్రిస్టోబలైట్ తొందరగా పుట్టుకొస్తుంది. అందుకని అమ్మోనియా గ్రేడ్ అడగండి. టెంపరేచర్ తగ్గించినా పగుళ్లు పోకపోతే పౌడర్ బెడ్‌ని, చేతి చెమటని, పౌడర్ కడిగిన నీళ్లని అనుమానించండి. పౌడర్‌లో మరీ సన్నటి రేణువుల వాటా ఎక్కువున్నా అదే గొడవ, ఉపరితలం పెరుగుతుంది కదా.

మైనంమనిషి:
అవును, ఆ మాట నేనే చెప్పాల్సింది, థాంక్స్ సత్తి గారూ.

వేడిలోహం:
అల్యూమినా సంగతి. మీ అల్లాయ్‌లో ఇట్రియం, హాఫ్నియం లాంటివి ఉండి సిలికాతో రియాక్ట్ అవుతుంటే అప్పుడు ఆలోచించండి. ఆ వేడిలో అల్యూమినా ఆకారం బాగా నిలుస్తుంది, నిజమే. కానీ బ్లేడ్‌లోంచి తీయడం నరకం, కాస్టిక్‌లో సిలికా కరిగినంత సులువుగా కరగదు. పగుళ్లకి భయపడి మెటీరియల్ మార్చేస్తే ఆ టెన్షన్ కాస్తా లీచింగ్ వాళ్ల (కోర్‌ని కరిగించి తీసేవాళ్ల) నెత్తిన పడుతుంది, అంతే తేడా.

కొత్తకొలిమి:
చాలా థాంక్స్ అండి. మళ్లీ 1200కి దింపేస్తున్నాం. పగిలిన ముక్కని ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్‌రేతో స్ఫటికాలని గుర్తించే పరీక్షకి) పంపాలనుకుంటున్నా, ఏ చోటు నుంచి తీయాలి? అన్నట్టు మా బెడ్ పౌడర్ చాన్నాళ్లుగా వాడుతున్నదే.

సోడియంసత్తి:
పలచని అంచు నుంచి ఒకటి, లావుగా ఉన్న రూట్ (బ్లేడ్ మొదలు) దగ్గర లోపలి నుంచి ఒకటి, రెండూ విడిగా పంపండి. మామూలు కాపర్ ఎక్స్‌రే ట్యూబ్ అయితే 22 డిగ్రీల కోణం (2-థీటా) దగ్గర క్రిస్టోబలైట్ పీక్ కనపడుతుంది. అంచులో అది నిటారుగా లేచి, లోపల గాజు గుట్ట మాత్రమే ఉంటే పైనుంచి ఏదో అంటుకుందని అర్థం. రెండుచోట్లా ఉంటే టెంపరేచరో, కోర్ పౌడరో కారణం. బెడ్ పౌడర్ కూడా పాతది, కొత్తది రెండూ కెమికల్ అనాలిసిస్‌కి ఇవ్వండి, ఒక్క పాతది ఇస్తే దేనితో పోల్చి చూస్తారు?