అప్‌డేట్: ఆట పేరు తెలిసింది, క్యాసెట్ కూడా పలికింది

పోయిన వారం రెండు ప్రశ్నలు అడిగాను. గనిలో తాళంచెవులు ఏరుకుంటూ, గాలి అయిపోయేలోగా బయటపడాల్సిన ఆట పేరేమిటని ఒకటి. క్యాసెట్ల నుంచి ఆటలు ఎక్కించుకునే నా పాత ఇంటి కంప్యూటర్ జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌లో దాని క్యాసెట్ ఎందుకు లోడ్ కావడం లేదని రెండోది (లేబుల్ ఎప్పుడో ఊడిపోయింది). రెండూ తేలాయి.

ఆట ‘మానిక్ మైనర్’. 1983లో మాథ్యూ స్మిత్ రాశాడు. మొత్తం 20 గుహలట. నేను పన్నెండే అనుకుంటూ వచ్చాను. అంతకు మించి ఎన్నడూ వెళ్లలేదేమో!

క్యాసెట్ సంగతి మీలో ఒకరు చెప్పినట్టే అయింది. టేపు పాడవలేదు, ప్లేయర్‌లో టేపును చదివే హెడ్ కాస్త ఒరిగిందంతే. టేపు తిరుగుతుండగానే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. మందంగా వినిపిస్తున్న కీచుశబ్దం ఒక్కసారిగా పదునెక్కింది. తెర అంచున ముందు ఎరుపు, లేతనీలం పట్టీలు, ఆ వెంటనే పసుపు, నీలం సన్నగీతలు: ఆట లోడవుతోందన్నమాట. అప్పట్లో ఆ గీతలు కనబడితే చాలు, ప్రాణం లేచి వచ్చేది. ఇప్పుడూ అంతే.

ఎమ్యులేటర్ (పాత కంప్యూటర్‌ను ఇప్పటి కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) వాడమన్నవారి మాటా విన్నాను. ఆట అదే, పైగా క్షణంలో మొదలవుతుంది. కానీ నిమిషాల తరబడి ఊపిరి బిగబట్టి కూర్చోకపోతే నాకు రుచించలేదు.

ఇక నా ప్రతాపం: రెండో గుహలో పెంగ్విన్ల దగ్గరే మూడు ప్రాణాలూ పోయాయి. పైనుంచి బూటు దిగి ఆటలోని గని కార్మికుడు విల్లీని తొక్కేసింది. రేపు మళ్లీ కూర్చుంటాను.