లండన్‌లో ఆయిస్టర్ కార్డు, దాంతోపాటు విడిగా రైలు టికెట్: రెండూ కలిపి వాడొచ్చా?

బ్రాడీపేట మాస్టారు:

అందరికీ నమస్కారం. వచ్చే నెల నేనూ మా ఆవిడా లండన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. వాళ్ళు ఈస్ట్ హామ్‌లో ఉంటారు. అమ్మాయికీ అల్లుడికీ ఉద్యోగాలు. మా కోసం సెలవు పెట్టమని అడగడం నాకు ఇష్టం లేదు. మా అన్నయ్య మనవడు బ్రైటన్‌లో చదువుకుంటున్నాడు. వాడికి ఇవ్వమని మా వదిన గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు కట్టి ఉంచింది. మేమిద్దరమే వెళ్ళి అవి ఇచ్చి, కాసేపు సముద్రం చూసి, సాయంత్రానికి ఈస్ట్ హామ్ చేరుకోవాలని అనుకుంటున్నాం.

నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ గుంటూరు నుంచి విజయవాడకి సీజన్ టికెట్ మీద తిరిగాను. విజయవాడ నుంచి ఎటైనా రిజర్వేషన్ ఉంటే, అక్కడిదాకా సీజన్, అక్కడి నుంచి రిజర్వేషన్ టికెట్. రెండూ జేబులో పెట్టుకుంటే చాలు, ఏ ఇబ్బందీ ఉండేది కాదు. అక్కడ కూడా అలా కుదురుతుందా అన్నదే నా ప్రశ్న. గేటు దగ్గర టచ్ చేసి వాడే ఆయిస్టర్ కార్డు లండన్ జోన్లలోనే (ఛార్జీల కోసం నగరాన్ని విడదీసిన వలయాలు) పనిచేస్తుందనీ, బ్రైటన్ దాని పరిధిలో లేదనీ అమ్మాయి చెప్పింది. మరి లండన్ హద్దు దాకా కార్డు, అక్కడి నుంచి బ్రైటన్‌కి విడి టికెట్ పెట్టుకోవచ్చా? హద్దు దగ్గర రైలు దిగాలా, కూర్చునే వెళ్ళిపోవచ్చా? మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. పచ్చడి సీసాల సంచితో ఊరికే దిగి ఎక్కమంటే ఆవిడకి కష్టం. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పగలరు.

పటమట కుర్రాడు:

మాస్టారూ, టెన్షన్ పడకండి. ఈస్ట్ హామ్‌లో కార్డు టచ్ చేసి లోపలికి వెళ్ళండి. బ్రైటన్ దారిలో లండన్ జోన్ల లోపలే ఉన్న ఈస్ట్ క్రాయిడన్ నుంచి బ్రైటన్‌కి ఫోన్‌లో టికెట్ కొనుక్కోండి. దారిలో దిగక్కర్లేదు, రైలు ఎలాగూ క్రాయిడన్‌లో ఆగుతుంది కదా. లండన్ నుంచి మొత్తం టికెట్ కొనే బదులు ఇలా చేస్తే కొంత కలిసొస్తుందని మా ఫ్రెండ్స్ అంటుంటారు.

కృష్ణలంక అమ్మాయి:

మాస్టారు గారూ, నమస్తే. నేను ఎమ్మెస్సీ చదివేటప్పుడు క్రాయిడన్‌లో ఉన్నాను, ఇప్పుడు విజయవాడ వచ్చేశాను. తమ్ముడు మంచి మనసుతోనే చెప్పాడు కానీ దిగక్కర్లేదన్న మాట మాత్రం దయచేసి పాటించకండి. పెద్దవాళ్ళు తెలియక ఇరుక్కునేది సరిగ్గా అక్కడే.

మీ సీజన్ టికెట్ సంగతితోనే మొదలుపెడతాను. సీజన్ అంటే ముందే డబ్బు కట్టేసిన హక్కు. గుంటూరు–విజయవాడ మధ్య ఎన్నిసార్లు తిరిగినా అది మీ జేబులో ఉంటే చాలు. ఆయిస్టర్ కార్డులో మామూలుగా ఉండేది అలాంటి హక్కు కాదు, ఉత్త డబ్బులు. లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి టచ్ చేస్తేనే మీరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళారో దానికి తెలుస్తుంది, అంతకే కోసుకుంటుంది. దీన్ని వాళ్ళు పే యాజ్ యూ గో అంటారు. ఇప్పుడు తమ్ముడు చెప్పినట్టు ఈస్ట్ హామ్‌లో టచ్ చేసి, క్రాయిడన్‌లో దిగకుండా బ్రైటన్ వెళ్ళారనుకోండి. ఆ ప్రయాణం ఎక్కడ ముగిసిందో కార్డుకి తెలియదు. బ్రైటన్ స్టేషన్‌లో ఆయిస్టర్ చెల్లదు. ప్రయాణం సగంలో ఆగిపోయినట్టు లెక్కగట్టి గరిష్ఠ ఛార్జీ కోసేస్తుంది. అంతటితో పోదు. రైల్లో చెకింగ్ వస్తే మీ దగ్గర క్రాయిడన్ నుంచి మాత్రమే టికెట్ ఉంది, అక్కడిదాకా కార్డు ప్రయాణం ముగించలేదు. ఇంగ్లండ్‌లో 2023 జనవరి నుంచి పెనాల్టీ ఫేర్ 100 పౌండ్లు, దాని మీద టికెట్ ధర అదనం. 21 రోజుల్లోపు కడితే ఆ 100 కాస్తా 50 అవుతుంది. అది కూడా ఒక్కొక్కరికి.

క్రాయిడన్‌లో దిగి, గేటు దాటి బయటికి వచ్చి టచ్ చేసి, మళ్ళీ టికెట్‌తో లోపలికి వెళ్తే అంతా సక్రమమే. కానీ అక్కడ ప్లాట్‌ఫాం నుంచి గేట్ల దాకా పొడుగాటి ర్యాంపు ఎక్కాలి, మళ్ళీ దిగాలి. ఈలోపు మీ రైలు వెళ్ళిపోతుంది, తర్వాతి దానికోసం నిలబడాలి. అమ్మగారి మోకాళ్ళతో, సంచితో ఆ పని పెట్టుకోవద్దని నా మనవి.

కూర్చునే వెళ్ళిపోయే పద్ధతి ఒకటి నిజంగానే ఉంది. అది మీ సీజన్ టికెట్ లాంటిదే. ట్రావెల్‌కార్డ్ అని 7 రోజులకి, నెలకి ఉంటుంది, దాన్ని ఆయిస్టర్ మీదే ఎక్కిస్తారు. 1 నుంచి 6 జోన్ల ట్రావెల్‌కార్డ్ ఉన్నవాళ్ళు టికెట్ కౌంటర్‌లో బౌండరీ జోన్ 6 నుంచి బ్రైటన్‌కి అని అడిగితే, ఆరో జోన్ అంచు నుంచి మొదలయ్యే టికెట్ ఇస్తారు. ఒకే ప్రయాణంలో రెండు టికెట్లు కలిపి వాడితే, అవి కలిసే స్టేషన్‌లో రైలు ఆగాలన్నది అక్కడి నేషనల్ రైల్ నిబంధన. రెండింట్లో ఒకటి సీజన్ టికెట్ కానీ జోన్ల పాస్ కానీ అయితే ఆగాల్సిన పని కూడా లేదు. అంచు ఎక్కడ దాటిందో మీరు పట్టించుకోనక్కర్లేదు. కానీ ఇది రోజూ లండన్ అంతా తిరిగి ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి కలిసొచ్చే ఏర్పాటు. నాలుగు రోజులు చూసి వెళ్ళేవాళ్ళకి పే యాజ్ యూ గో మీదే రోజుకింత, సోమవారం నుంచి ఆదివారం దాకా వారానికింత అని పరిమితి ఉంటుంది. అది దాటితే ఇక కోయదు. కాబట్టి బ్రైటన్ కోసమని ట్రావెల్‌కార్డ్ కొనకండి.

మీకు నేను చెప్పేది ఇంతకంటే తేలిక. కార్డు ప్రయాణాన్ని ట్యూబ్ (లండన్ మెట్రో రైలు) గేటు దగ్గరే ముగించేయండి. ఈస్ట్ హామ్‌లో టచ్ చేసి డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కండి. అప్టన్ పార్క్, ప్లాస్టో, ఆ తర్వాత వెస్ట్ హామ్. అక్కడ దిగి జూబిలీ లైన్‌కి మారి లండన్ బ్రిడ్జిలో దిగండి. వెస్ట్ హామ్‌లో, లండన్ బ్రిడ్జిలో లిఫ్టులున్నాయి. లండన్ బ్రిడ్జి ట్యూబ్ గేటు దగ్గర కార్డు టచ్ చేసి బయటికి రండి. దానితో ఆయిస్టర్ పని అయిపోయింది, సంచిలో పెట్టేయండి. అదే భవనంలో పెద్ద రైల్వే స్టేషన్ ఉంది. అక్కడి గేట్లలో బ్రైటన్ టికెట్ పెట్టి లోపలికి వెళ్ళాలి. థేమ్స్‌లింక్ అనే కంపెనీ రైలు మారకుండా తీసుకెళ్తుంది, గంట అటూ ఇటూ.

టికెట్ మీద లండన్ టెర్మినల్స్ అని ఉంటుంది, కంగారు పడకండి. అది ఒక స్టేషన్ పేరు కాదు, లండన్‌లోని పెద్ద స్టేషన్లకి కలిపి పెట్టిన పేరు. బ్రైటన్ దారికి లండన్ బ్రిడ్జి అందులోకి వస్తుంది. కొన్ని చౌక టికెట్ల మీద థేమ్స్‌లింక్ ఓన్లీ అని రాసి ఉంటుంది. అలాంటిది కొంటే తిరుగు ప్రయాణంలో లండన్‌లోని విక్టోరియా స్టేషన్ వైపు వెళ్ళే సదరన్ కంపెనీ రైలు ఎక్కకూడదు. మీరు వెళ్ళేదీ వచ్చేదీ లండన్ బ్రిడ్జి మీదుగానే కాబట్టి మీకు అది సరిపోతుంది.

మంగళగిరి నుంచి:

కృష్ణలంక అమ్మాయి గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను ఇంకో విషయం కలుపుతాను. మా నాన్నగారు వెళ్ళినప్పుడు లోపలికి వెళ్ళేటప్పుడు బ్యాంకు కార్డు, బయటికి వచ్చేటప్పుడు ఫోన్ టచ్ చేశారు. రెండింట్లోనూ ఉన్నది ఒకే కార్డు కదా అని ఆయన ఉద్దేశం. మెషీన్‌కి మాత్రం అవి రెండు వేర్వేరు ప్రయాణాలు, రెండూ సగంలో ఆగినవే. దేనితో లోపలికి వెళ్తే దానితోనే బయటికి రావాలి. భార్యాభర్తలు ఒకే కార్డు మీద వెళ్ళడం కూడా కుదరదు, మనిషికొకటి ఉండాల్సిందే.

ఇక్కడి బ్యాంకు కార్డు వాడాలనుకుంటే విమానం ఎక్కకముందే బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2020లో పెట్టిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో అవి వాటంతటవే ఆన్ అయి రావు. వీసా, మాస్టర్‌కార్డ్, అమెక్స్ అయితే లండన్ గేట్లు తీసుకుంటాయి. రూపే కార్డుతో గేటు తెరుచుకోదు.

బ్రాడీపేట మాస్టారు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు మీ అందరికీ ధన్యవాదాలు. అమ్మా, నువ్వు చెప్పిన హక్కుకీ డబ్బుకీ తేడా నాకు బాగా అర్థమైంది. ట్యూబ్ గేటు దగ్గర కార్డు ముగించడమే మాకు నయం. ఇంకో రెండు సందేహాలు. నాకు 66, మా ఆవిడకి 58. వృద్ధులకి అక్కడ ఉచిత పాసు ఉందని ఎవరో అన్నారు, మాకు వస్తుందా? ఆయిస్టర్ కొనాలా, బ్యాంకు కార్డే చాలా?

కృష్ణలంక అమ్మాయి:

ఉచిత పాసులు లండన్‌లో స్థిరపడిన వాళ్ళకే మాస్టారూ, చూడడానికి వచ్చినవాళ్ళకి రావు. మీకు దొరికేది రైల్‌కార్డ్. 60 నిండిన ఎవరైనా సీనియర్ రైల్‌కార్డ్ కొనుక్కోవచ్చు, వయసుకి పాస్‌పోర్టు చూపిస్తే సరిపోతుంది. రైలు టికెట్లలో మూడో వంతు తగ్గుతుంది. అమ్మగారికి 60 నిండలేదు కాబట్టి ఆవిడకి అది రాదు. మీ ఇద్దరికీ కలిపి పనికొచ్చేది టూ టుగెదర్ రైల్‌కార్డ్. ఇద్దరి ఫొటోలూ ఒకే కార్డు మీద ఉంటాయి, ఇద్దరూ కలిసి వెళ్తేనే చెల్లుతుంది. పనిదినాల్లో ఉదయం 9:30 తర్వాతే.

అయితే కొనేముందు ఒక్క లెక్క వేసుకోండి. 2025 మార్చి నుంచి రైల్‌కార్డ్ ధర 35 పౌండ్లు. మూడో వంతు తగ్గింపుతో ఆ 35 తిరిగి రావాలంటే మీరు మొత్తం 105 పౌండ్ల టికెట్లైనా కొనాలి. బ్రైటన్ ఒక్కటే అయితే కొనకండి. అమ్మాయి మిమ్మల్ని ఎడిన్‌బరో లాంటి దూరం ఊళ్ళకి కూడా పంపాలనుకుంటే అప్పుడు తప్పకుండా కొనండి. ఒకవేళ శనివారం అమ్మాయి కూడా మీతో బ్రైటన్ వస్తే, ముగ్గురికీ గ్రూప్‌సేవ్ కింద ఏ కార్డూ లేకుండానే మూడో వంతు తగ్గుతుంది. నన్నడిగితే ఇదే అన్నిటికన్నా మేలు. పిల్లలు ఉద్యోగాలంటూ ఊరుకోకుండా ఒక్క శనివారమైనా అమ్మానాన్నలతో వెళ్తే బాగుంటుంది. ఈ మాట మీ అమ్మాయికి నా తరఫున చెప్పండి.

ఆయిస్టరా, బ్యాంకు కార్డా అంటే, సీనియర్ రైల్‌కార్డ్ కొన్నవాళ్ళకి ఆయిస్టర్ నయం. ట్యూబ్ స్టేషన్‌లో సిబ్బందికి రెండూ ఇస్తే కలిపి పెడతారు. అప్పటి నుంచి రద్దీ లేని వేళల్లో ట్యూబ్ ఛార్జీ కూడా మూడో వంతు తగ్గుతుంది. బ్యాంకు కార్డుకి అలా కలపడం కుదరదు, టూ టుగెదర్‌కీ కుదరదు. రైల్‌కార్డ్ వద్దనుకుంటే ఛార్జీలో తేడా ఏమీ లేదు. అప్పుడు మన బ్యాంకు విదేశీ మారకానికి ఎంత కోస్తుందో కనుక్కుని నిర్ణయించుకోండి. ఆన్‌లైన్‌లో ముందే తెప్పించుకునే విజిటర్ ఆయిస్టర్ మీద మాత్రం ట్రావెల్‌కార్డ్ ఎక్కదు, గుర్తుంచుకోండి.

పటమట కుర్రాడు:

అక్కా, థాంక్స్. మా ఫ్రెండ్స్‌కి ట్రావెల్‌కార్డ్ ఉందట, ఇప్పుడే అడిగాను. అందుకే వాళ్ళు దిగకుండా వెళ్తున్నారు. మాస్టారూ, మీరు అక్క చెప్పినట్టే చేయండి. మరి సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు కార్డు ఎక్కడ టచ్ చేయాలి?

కృష్ణలంక అమ్మాయి:

బ్రైటన్ నుంచి లండన్ బ్రిడ్జి దాకా రైలు టికెట్. అక్కడ రైల్వే గేటు దాటి బయటికి వచ్చి, ట్యూబ్ గేటు దగ్గర కొత్తగా టచ్ చేయాలి. మళ్ళీ ఈస్ట్ హామ్‌లో బయటికి వచ్చేటప్పుడు ఒకసారి. వెళ్ళిరావడం ఒకే రోజు కాబట్టి డే రిటర్న్ అడగండి, రెండు విడి టికెట్ల కన్నా తక్కువకి వస్తుంది. ఆ టికెట్ పొద్దున గేటులో పెడితే పైన బయటికి వస్తుంది, మర్చిపోకుండా తీసుకుని సాయంత్రం దాకా దాచుకోండి. ఆదివారాల్లో ఆ లైన్ మీద తరచూ పట్టాల పనులు పెడతారు, కొంత దూరం రైలు బదులు బస్సులు వేస్తారు. వెళ్ళే ముందు రోజు అమ్మాయిని నేషనల్ రైల్ సైట్‌లో ఒకసారి చూడమనండి.

అమ్మగారి కోసం ఇంకొక్క మాట. బ్రైటన్ స్టేషన్ నుంచి సముద్రం దాకా క్వీన్స్ రోడ్డు తిన్నగా కిందికి దిగుతుంది. వెళ్ళేటప్పుడు హాయిగా నడిచేస్తారు, తిరిగి వచ్చేటప్పుడు అదంతా ఎగుడు. ఆ ఎగుడు మోకాళ్ళతో ఎక్కించకండి, బస్సులో రండి. అక్కడి బస్సులు లండన్‌వి కావు కాబట్టి ఆయిస్టర్ తీసుకోవు. వాటికోసం ఇద్దరి దగ్గరా చెరొక బ్యాంకు కార్డు ఉండేలా చూసుకోండి.