మందులతో చెవిలో గొంతులు ఆగాయి, రోజు గడవడం లేదు: ఆక్యుపేషనల్ థెరపీ ఇప్పించినవారు చెప్పగలరా?

కె.ఆర్.పురం అక్క:
మా తమ్ముడికి 27 ఏళ్ళు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు రెండేళ్ళుగా మందులు వాడుతున్నాడు. చెవిలో గొంతులు వినిపించడం దాదాపు ఆగిపోయింది కానీ, మధ్యాహ్నం దాకా మంచం దిగడు, స్నానానికి పదిసార్లు పిలవాలి, ప్రాణంగా చూసే క్రికెట్ వైపు కూడా తిరిగి చూడడు. డాక్టరు గారు ఆక్యుపేషనల్ థెరపీకి రాసిచ్చారు. బుట్టలు అల్లించడానికి ఇంత దూరం తిప్పాలా అని అమ్మ అంటోంది. అక్కడ అసలేం చేస్తారు?

విల్సన్ గార్డెన్ నాన్న:
అమ్మా, మా అబ్బాయిని ఏడు నెలల పాటు బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి పునరావాస విభాగానికి తీసుకెళ్ళాను. అక్కడ వడ్రంగం, కుట్టుపని, తోటపని, బేకరీ వంటి విభాగాలున్నాయి. మావాడిని బేకరీలో వేశారు. మొదటి పది రోజులూ వాడు ట్రేలు తుడవడం తప్ప ఏమీ చేయలేదు, ఇంజినీరింగ్ చదివిన పిల్లవాడికి ఈ పనేమిటని నా మనసు చివుక్కుమంది. వేళకు లేచి బస్సెక్కడం, నలుగురి మధ్య నిలబడడం, మొదలుపెట్టిన పనిని ముగించడం అనే మూడింటినీ ఆ ట్రేల ద్వారానే నేర్పుతున్నారని నాకు తెలిసేసరికి నెల పట్టింది. వాడిది బద్ధకం కాదని, చొరవ తగ్గిపోవడం కూడా ఆ జబ్బు లక్షణమేనని థెరపిస్టు చెప్పిన రోజు నుంచి నేను కసురుకోవడం మానేశాను.

జయనగర థెరపిస్టు:
ఆక్యుపేషన్ అంటే ఇక్కడ ఉద్యోగం ఒక్కటే కాదు, పళ్ళు తోముకోవడం నుంచి పండక్కి చుట్టాలింటికి వెళ్ళడం వరకు మనిషి రోజును నింపే ప్రతి పనీ ఆ మాటలోకి వస్తుంది. మన దేశంలో ఈ థెరపీ చదువును 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ గారు ప్రారంభించారు. గొంతులు వినిపించడం మీద మందులు చూపే ప్రభావం, చొరవ తగ్గడం మీద అంతగా కనబడదు కనుకనే మీ డాక్టరు గారు మా దగ్గరకు పంపి ఉంటారు. స్నానం మీకు ఒకే పని. తువ్వాలు, బట్టలు తీసుకోవడం, నీళ్ళు పట్టుకోవడం, సబ్బు రాసుకోవడం, తుడుచుకోవడం అతనికి వేర్వేరు పనులు. ఎక్కడ ఆగిపోతున్నాడో రెండు మూడు రోజులు గమనించి, సాయం అక్కడ మాత్రమే చేయండి. మిగతావి కూడా మీరే చేసిపెడితే అతనికి చేయడానికి ఏమీ మిగలదు.

మడివాళ టీచరు:
నాది డిప్రెషన్. ఏ గంటలో ఏం చేశాను, ఎంత అలసిపోయాను అని థెరపిస్టు రెండు వారాలు రాయించారు. సాయంత్రం నాలుగింటికి నాకు కాస్త ఓపిక ఉంటుందని ఆ కాగితం చూశాకే తెలిసింది. మార్కెట్‌కు వెళ్ళి కూరలు తేవడాన్ని ఆ వేళకు పెట్టుకున్నాను, మొదటి వారం కొత్తిమీర కట్ట ఒక్కటే తెచ్చాను. మధ్యలో దిగులు ముంచుకొచ్చినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు (14416) ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడాను.

కె.ఆర్.పురం అక్క:
అందరికీ నమస్కారాలు. మూడు రోజులు గమనించాను. బట్టలు వెతుక్కోవడం దగ్గరే ఆగిపోతున్నాడు. రాత్రే కుర్చీ మీద పెట్టి ఉంచాను, ఈరోజు రెండోసారి పిలవగానే వెళ్ళాడు. మంగళవారం థెరపిస్టు దగ్గరకు వెళ్తున్నాం, అమ్మ కూడా వస్తానంది.