అప్‌డేట్: మైపాడు తీరంలో మేఘాల ఫోటోలు

మైపాడులో తీసే మేఘాల ఫోటోలలో తెల్లని భాగం ఎందుకు వెలిసిపోతోందని, వాటిని కలిసి చూసి ఆనందించేవారు నెల్లూరు జిల్లాలో ఉన్నారా అని లోగడ అడిగాను. మేఘంలో బాగా మెరిసే చోట ఫోన్ తెరను తాకి, ఆపై ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుతురు) తగ్గించమన్న సలహా చక్కగా పనిచేసింది. సాయంత్రం సూర్యుడు మన వెనుక పడమట ఉండగా, సముద్రంపై లేచిన క్యుములోనింబస్ (ఉరుములు మెరుపుల వాన తెచ్చే ఎత్తైన) మేఘం పైభాగం కమ్మరి దాగలిలా పరుచుకొని, దాని కింది బుడిపెలు సైతం నీడలతో విడివిడిగా కనిపించాయి. అదే మేఘాన్ని కావలి మిత్రులొకరు తమ డాబాపై నుంచి తీసి పంపగా, రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి ఎంతోసేపు చూశాము. ఇంతటి సంతోషం ఒంటరిగా చూసినప్పుడు కలగదు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల మేఘాలు మన తీరానికి వస్తాయి కనుక, ఒంగోలు, కొత్తపట్నం వారు కూడా ఫోటోతోపాటు సమయం, దిక్కు రాసి పంపవలసిందిగా కోరుతున్నాను.