పుల్ల మిఠాయి అనవచ్చునా?

మిత్రులకు నమస్కారం. లాలీపాప్‌కు తెలుగులో మాట ఉన్నదా, ఆ పేరులోని 'లాలి', మన జోలపాటలోని లాలి ఒకటేనా అని నిన్న ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నకు కొంచెం వివరంగా జవాబు రాయాలనిపించింది.

రెండవ సందేహాన్ని ముందు తీరుస్తాను. ఆ రెండు మాటలకూ సంబంధం లేదు. లాలీపాప్ అనే మాట ఇంగ్లీషు రాతల్లో 1784 నాటికే కనిపిస్తుంది. ఉత్తర ఇంగ్లండు మాండలికంలో 'లాలీ' అంటే నాలుక కనుక, నాలుక మీద ఆడించుకుంటూ తినే తీపి వస్తువుకు ఆ పేరు వచ్చి ఉంటుందని నిఘంటుకారులు భావిస్తారు. అయితే ఆనాటి లాలీపాప్‌కు పుల్ల లేదన్నది మన చర్చకు చాలా ముఖ్యమైన సంగతి. అది చేత్తో తీసుకుని నోట్లో వేసుకునే మిఠాయి మాత్రమే. మన దగ్గర పోలిక వెతికితే తిరునాళ్ళలో అమ్మే జీడి, కిరాణా కొట్టులో సీసా మూత తీసి ఇచ్చే నిమ్మతొన, పిప్పరమెంటు బిళ్ళ ఆ వరుసకు చెందుతాయి.

ఆ పేరుకు పుల్ల అర్థం స్థిరపడింది 20వ శతాబ్దంలో, అమెరికాలో. కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో మిఠాయిలు తయారుచేసిన జార్జ్ స్మిత్ 1908 ప్రాంతంలో పుల్లకు గుచ్చిన గట్టి మిఠాయిని అమ్ముతూ, దానికి 'లాలీ పాప్' అనే ఒక పందెపు గుర్రం పేరు పెట్టానని చెప్పుకున్నాడు. 1931లో ఆ పేరు వాణిజ్య చిహ్నంగా నమోదైంది. ఈలోగా పుల్లలు గుచ్చే యంత్రాలు రావడంతో వస్తువు ఊరూరా వ్యాపించింది. నాలుకను బట్టి పుట్టిన పేరు పుల్ల ఉన్నదానికే పరిమితమైంది.

ఇక మొదటి ప్రశ్న. ఒకే వస్తువును ఒక్కొక్క భాష ఒక్కొక్క వైపు నుంచి పట్టుకుంటుంది. స్పెయిన్‌లో ఎన్రిక్ బెర్నాట్ 1958లో మొదలుపెట్టిన చుపా చుప్స్ అనే లాలీపాప్ పేరు 'చుపార్' అనే క్రియ నుంచి వచ్చింది. దానికి చప్పరించడం అని అర్థం. మన భాష పట్టుకున్నది పుల్లను. బ్రిటన్ వారు 'ఐస్ లాలీ' అనే వస్తువును, సైకిలు మీద పెట్టె కట్టుకుని వచ్చే మనిషి దగ్గర కొనుక్కున్న మన పిల్లలు పుల్లైసు అన్నారు. ఎవరూ సమావేశమై నిర్ణయించకుండానే, అత్వసంధి కూడా చక్కగా కుదిరి, అంత సహజమైన మాట తయారైంది. ఆ దారిలోనే పుల్ల మిఠాయి అనడం భాషకు పరాయి పని కాదని నా నిశ్చితాభిప్రాయం.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉన్నది, దానిని దాటవేయకూడదు. పుల్ల మజ్జిగలోనూ పుల్లట్టులోనూ ఉన్న 'పుల్ల' పులుపును చెబుతుంది. కనుక పుల్ల మిఠాయి అంటే పుల్లని మిఠాయి అని ఎవరైనా అనుకోవచ్చు. పుల్లటి చింతపండు మిఠాయిలు కూడా అంగళ్ళలో ఉన్నాయి కనుక ఆ పొరపాటుకు తావు లేదనలేము. అయినా పుల్లైసును పుల్లని ఐసుగా ఎవరూ అర్థం చేసుకోలేదు. వాడుకలో పడిన మాటకు సందర్భమే కాపలా కాస్తుంది.

మరొక సభ్యురాలు 'కాడ మిఠాయి' అని సూచించారు. పులుపు చిక్కు లేకపోవడం ఆ మాటలోని గుణం. కాడ అనగానే పువ్వు గుర్తుకు వస్తుంది. 1969లో చిత్రకారుడు సాల్వడోర్ డాలీ చుపా చుప్స్‌కు గీసిన గుర్తు కూడా పువ్వు ఆకారమే కావడం వల్ల ఆ ఊహ నాకు మరీ నచ్చింది. కానీ కాడ తనంతట పెరిగినది, పుల్ల మనిషి గుచ్చినది. ఈ తేడా వల్ల నా మొగ్గు పుల్ల వైపే.

పుల్ల అంటే కట్టెది కదా, ఇప్పటివి ప్లాస్టిక్‌వో కాగితంవో కదా అనే ప్రశ్న కూడా వచ్చింది. మైనం పూసిన అగ్గిపుల్లలో కట్టె లేకపోయినా మనం దానిని అగ్గిపుల్ల అనే అంటున్నాం. ఆకారమూ పనీ మిగిలితే పదార్థం మారినా పేరు చెల్లుతుంది. మన దేశంలో 2022 జులై 1 నుంచి మిఠాయిలకు, ఐస్‌క్రీములకు ప్లాస్టిక్ పుల్లలు వాడడాన్ని నిషేధించారు. ఆ నిబంధనను పల్లెలో కొట్టు నడిపే మనిషికి చెప్పవలసి వస్తే 'క్యాండీ స్టిక్' అనడం కంటే 'మిఠాయి పుల్ల' అనడమే త్వరగా అర్థమవుతుంది.

లాలీపాప్ అనే మాటను వెళ్ళగొట్టాలని నేను అనడం లేదు. పిల్లలు దానిని 'లాలీపప్పు' చేసుకుని, తమకు తెలిసిన పప్పును అందులో వెతుక్కున్నారు. హోటళ్ళు చికెన్ లాలీపాప్‌తో దానికి తీపితో పనిలేని కొత్త అర్థమిచ్చాయి. అక్కడ పుల్ల స్థానంలో ఎముక నిలిచింది కనుక పుల్ల మిఠాయి ఆ వంటకానికి ఎలాగూ సరిపోదు. మీ ఊళ్ళలో పెద్దవాళ్ళు ఈ మిఠాయిని ఏమనేవారో, ఏ జిల్లా మాటో తెలిపి ఇక్కడ రాయగలరు.