మధ్యలో ఏ అడ్డూ లేకుండా ఒక జాతి రెండుగా చీలుతుందా?

తుమ్మెద:
సూటిగా అడుగుతున్నా. జంతువుల్లో కొత్త జాతి పుట్టాలంటే కొండో సముద్రమో అడ్డం పడాలని జీవశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మయర్ దశాబ్దాల పాటు వాదించాడు. నాకూ అదే సబబనిపిస్తుంది. ఒకేచోట తిరిగే జీవులు జతకడుతూనే ఉంటే జన్యువులు కలుస్తూనే ఉంటాయి, ఇక చీలిక ఎలా వస్తుంది?

నీటిచుక్క:
మరి ఆపిల్ ఈగ మాటేమిటి తుమ్మెద గారూ? ఉత్తర అమెరికాలో ఈ ఈగ మొదట హాథార్న్ అనే ముళ్లచెట్టు కాయల్లోనే గుడ్లు పెట్టేది. బయటినుంచి తెచ్చిన ఆపిల్ చెట్లు పెరిగాక, 1800ల మధ్యలో కొన్ని ఈగలు వాటి మీదికి మారాయి. ఇవి జతకట్టేది కాయ మీదే, అదీ అసలు సంగతి. ఆపిల్ కొన్ని వారాలు ముందే పండుతుంది, ఆపిల్ ఈగలూ నేలలోంచి ముందే బయటికొస్తాయి, పైగా కాయను వాసన పట్టి వెతుక్కుంటాయి కాబట్టి పక్కపక్క చెట్ల మీదున్నా చాలావరకు ఒకదానికొకటి ఎదురుపడవు.

తుమ్మెద:
చాలావరకే కదా! తరానికి 4 నుంచి 6 శాతం దాకా రెండు గుంపులూ కలుస్తూనే ఉన్నాయి. ఇంకోటి, ఎప్పుడు బయటికి రావాలో నిర్ణయించే జన్యుభాగాల్లో కొన్ని మెక్సికో ఎత్తైన ప్రాంతాల్లో విడిగా బతికిన ఈగల్లో పుట్టి, తర్వాత ఉత్తరానికి చేరాయని 2003లో తేల్చారు. అంటే దూరం అనే అడ్డు వెనకెక్కడో ఉండనే ఉంది.

గరిక:
మొక్కల్ని మీరిద్దరూ వదిలేశారు. ట్రాగోపోగాన్ అనే పసుపు పూల మొక్కలు యూరప్ నుంచి అమెరికా చేరాక, రెండు జాతులు సంకరమై, ఆ సంకరంలో క్రోమోజోములు, అంటే జన్యువుల్ని మోసే పోగులు, రెట్టింపై 24 అయ్యాయి. తల్లిదండ్రుల్లో 12 చొప్పునే. ఈ కొత్త మొక్క తల్లి జాతితో కలిస్తే పిల్లకు 18 వస్తాయి, అవి సరిగ్గా జతపడవు, దాదాపు గొడ్డు మొక్కే. 1950లో దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. ఇక్కడ ఏ కొండ అడ్డమొచ్చింది?

తుమ్మెద:
మొక్కల మీద నాకు పేచీ లేదు గరిక గారూ, నా ప్రశ్నే జంతువుల గురించి.

నీటిచుక్క:
సరే, జంతువులే. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో సిక్లిడ్ అనే చేపల్లో రెండు జాతులున్నాయి, ఒకదాని మగచేప నీలం, ఇంకోదానిది ఎరుపు. ఆడచేప రంగు చూసే జోడీని ఎంచుకుంటుంది. రెండు రంగులకీ తేడా తెలియని వెలుతురులో పెట్టి చూస్తే ఆ ఎంపిక కాస్తా పోయింది, ఏ మగచేప అయినా ఒకటే. సరస్సులో నీళ్లు బురదగా ఉన్నచోట రెండూ కలిసిపోతున్నాయి కూడా. అవి కలిస్తే పుట్టే పిల్లలు గొడ్డువి కావు, శుభ్రంగా పిల్లల్ని కంటాయి. మొదటి చీలిక ఎక్కడ జరిగిందన్నది పక్కన పెడదాం. ఒకే రాళ్ల మధ్య ఈదుతున్న ఈ రెండిటినీ ఇవాళ విడిగా ఉంచుతున్న భౌగోళిక అడ్డు ఏదో మీరే చూపించాలి.